నలభై ఒకటో డబ్బి

అరచేతిల పట్టేంత నల్ల డబ్బి.
లోపల గోరంత ప్లాస్టిక్ ముక్క,
అంతే.
కండ్లకు ఆనని గాలి దానిమీద గీతలు గీస్తదట,
తొంభై దినాలకు ఆ గీతలు లెక్కబెడుతరట.
రేడాన్ అన్నడు తన్వీర్ ఇంజినీరు.
వాసన లేదు, రంగు లేదు, మొదట్ల దగ్గు సుత రాదు,
వచ్చిన్నాడు ఇగ పోదు.

బలదియా కాయితం వచ్చినంక
రువిల బిల్డింగు బిల్డింగుకు మేమిద్దరం.
ఆయన చేతిల పెన్ను, నా భుజాన నిచ్చెన.
గుట్టలు తొలిచి కట్టిన ఊరు,
ఏ గోడ ఎనుక సూసినా రాయే.
ఒక బడిల పిల్లలు డబ్బిని కెమెరా అనుకొని
జుట్టు సవరించుకున్నరు.
రాయి ఊపిరిడుస్తదంటే నేను నవ్విన.

ఆ నవ్వు ఒక లాబీల ఆగింది.
నేలమీద గోధుమరంగు గ్రానైటు,
నల్ల చుక్కల నడుమ ఎర్ర జీర.
వంగి చెయ్యి పెట్టిన.
ఎనిమిదేండ్లు కోసిన రాయిని మరిచిపోతనా?
మా కరీంనగర్ దిక్కు గుట్టది.
నాకన్న ముందే, వీసా లేకుంట వచ్చి
ఏసీల పండుకున్నది.
"దీంట్ల సుత ఉంటదా సాబ్?"
"కొంచెం. కింద మట్టిలనే ఎక్కువ."
మా ఊరిమీద మాట పడనందుకు
ఎందుకో పానం నిమ్మళమైంది.

రూలు మంచిదే. చదివి చెప్పిండు తన్వీర్.
బడికి పెట్టాలె, దవాఖానకు పెట్టాలె,
మనుషులుండే కింది అంతస్తుకు పెట్టాలె,
లెక్క దాటితే పగుళ్ళు పూడ్చాలె, ఫ్యాను బిగించాలె,
ఖర్చు ఓనరుది.
"మనుషులుండే" అన్న మాటకాడ
ఓనర్ల పెన్నులు తడబడుతయి.
బేస్‌మెంటు ఎదురుంగ "స్టోర్" అని రాస్తరు.

ఒక స్టోరుల
మంచం, చద్దరు, మోటరు మోత,
తీగెకు ఆరేసిన బనీను,
టమాట తొక్కు సీస,
నాతూర్ ముత్తన్న.
పదకొండేండ్లసంది పంపు పక్కనే నిద్ర.
మోటరు ఆగితేనే మెలకువొస్తదట.

లిస్టుల నలభై డబ్బిలు.
నలభై ఒకటోది సంచిల మిగిలింది.
తన్వీర్ నా మొహం సూసిండు, గోడ సూసిండు,
"నేను చాయ్ తాగొస్త" అన్నడు.
మంచం తలాపున మేకు కొట్టి ఏలాడేసిన.
"ముట్టకు కాకా."
"దేవునిదా?"
"అసొంటిదే. లెక్కలు రాస్తది."

ఎండకాలం. బయట డాంబరు మెత్తవడ్డది.
తలుపు సందులల్ల గుడ్డలు కుక్కి
చల్లగాలిని దాచుకునే మూడు నెలలు.
ఏ గాలి దాగిందో ఎవరికెరుక.

డబ్బి తీసుకునే రోజు
ముత్తన్నే గేటుకాడికి తెచ్చి చేతిల పెట్టిండు,
తువ్వాలతోని తుడిచి.

రిజల్టు వచ్చింది. అన్నిట్ల తక్కువ
నలభై ఒకటి.
తన్వీర్ కండ్లద్దాలు తీసిండు.
"పంపు రూముల ఇంత మంచి గాలా?"

పోయి అడిగిన.
పైపు బయటికి పోయే తావుల గోడకు జానెడు కంత,
ఆ రూముకు గాలంటే అదొక్కటే.
మొదటి రాత్రే డబ్బిని అండ్ల పెట్టిండట.
"ఈడ ఉడుకపోస్తది బిడ్డా.
దేవుని వస్తువు, దానికన్న గాలాడాలె గద."

నాకు మాట రాలె.
రూలు కాయితంల చివరి పేజి, చీమలసొంటి అక్షరాలు:
జాగ మారితే ఆ లెక్క చెల్లదు,
మళ్ళ మొదటిసంది.
తన్వీర్ పెన్ను తీసిండు. "స్టోర్" కొట్టేసి
"ఒక మనిషి, రాత్రి పగలు" అని రాయబోతే
నేనే చెయ్యి పట్టిన.
గాలిని ఇడిసిపెట్టి మనిషిని ఖాళీ చేపిస్తరేమో సాబ్.
చానసేపు ఇద్దరం ఆ గడిని సూసుకుంట నిలబడ్డం.
రాసిండు.
సాయంత్రం ఓనరు ఫోను రెండుసార్లు మోగింది,
ఎత్తలె.

కొత్త డబ్బి. అదే మేకు.
"ఈసారి కదపకు కాకా, ఉన్నకాడనే ఉండాలె."
ముత్తన్న చద్దరు దులిపి మంచంమీద కూసున్నడు.
"ఉంటది తియ్.
ఉన్నకాడ ఉండుడు నాకేమన్న కొత్తనా,
దానికి నేర్పిస్త."